రేవున నిలిచిన ఓడకు గట్టుమీది విద్యుత్తు

గూడూరు ప్రాంతమునుండి కృష్ణపట్టణము రేవునకు పోయి చూచినవారికి ఒక సందేహము కలుగుట సహజము. ఓడ గట్టునకు చేరి, మోకులతో కట్టబడి, కదలక నిలిచియున్నను, దాని గొట్టమునుండి పొగ వచ్చుచునే యుండును. నడవని ఓడకు ఇంజనుతో పని యేమి?

ఓడను నడుపు పెద్ద ఇంజనును రేవులో ఆపివేయుదురు. కాని ఓడ యనగా ఒక చిన్న గ్రామమే. అందు దీపములు, వంటశాల, మంచినీటి పంపులు, సరకు దింపు క్రేనులు, చెడిపోవు సరకులకు శీతల పెట్టెలు ఉండును. వీటన్నిటికి విద్యుత్తు నిచ్చుటకు ఓడలో వేరుగా జనరేటర్లు కలవు. రేయింబవళ్లు అవి నూనె కాల్చుచుండును. ఓడల నూనెలో గంధకము నూటికి అరవంతుకు మించరాదని 2020 జనవరి 1 నుండి అంతర్జాతీయ నియమము అమలులోనున్నది. అంతకుముందు మూడున్నర వంతుల వరకు అనుమతించిరి. ఈ అరవంతు కూడ, మన బంకులలో ట్రాక్టరునకు పోయించుకొను డీజిలులోని గంధకపు పరిమితికి 500 రెట్లు!

ఈ ఖర్చు ఎంతయో మన పొలపు లెక్కతో చూతము. 5 హార్సుపవరు మోటారు సుమారు 3.7 కిలోవాట్ల విద్యుత్తు తీసికొనును. ఒక ఓడకు 370 కిలోవాట్లు కావలెననుకొన్నచో, అది నూరు మోటార్లతో సమానము. రెండు దినములు నిలిచినచో 17,760 యూనిట్లు. దీనిని జనరేటరుతో పుట్టించుటకు సుమారు 4 టన్నుల నూనె గట్టుప్రక్కనే కాలిపోవును. పెద్ద కంటైనరు ఓడలకు ఇంతకు పలురెట్లు కావలెను.

దీనికి విరుగుడుగా వచ్చినదే తీరపు విద్యుత్తు. గట్టుమీద సబుస్టేషను నిర్మించి, అచటినుండి లావుపాటి కేబులును ఓడకు అందింతురు. ఓడలోని దీపములు ఆరకుండ భారమును మెల్లగా తీరపు లైనుమీదికి మార్చి, తరువాత జనరేటర్లను ఆపుదురు. వినుటకు సులభమే గాని ఇందొక చిక్కు కలదు. మన విద్యుత్తు సెకండునకు 50 ఆవర్తనములు గలది. అనేక ఓడల యంత్రములు 60 ఆవర్తనములకు నిర్మింపబడినవి. కావున నడుమ మార్పిడి యంత్రము నుంచవలెను. ఖర్చులో పెద్ద భాగము దీనిదే. ఓడలో కూడ తగిన ఏర్పాటు లేనిచో గట్టుమీది సబుస్టేషను ఊరక పడియుండును.

స్వీడను దేశపు గోథెన్‌బర్గు రేవులో 2000 సంవత్సరమునను, అమెరికాలోని లాస్ ఏంజిలిసు రేవులో 2004లోను హెచ్చు వోల్టేజితో ఇట్టి సరఫరా ప్రారంభమైనది. కాలిఫోర్నియా రాష్ట్రము 2014 నుండి దీనిని నిర్బంధము చేసినది. మన కేంద్ర ప్రభుత్వము 2023 మే 10న విడుదల చేసిన హరిత సాగర్ మార్గదర్శక సూత్రములలో ఓడలకు తీరపు విద్యుత్తు నిచ్చుట ఒక అంశము. అయితే ఆ సూత్రములు ముఖ్యముగా కేంద్రము అధీనములోని మేజరు రేవులనుద్దేశించినవి. 2008లో పని ప్రారంభించిన కృష్ణపట్టణము రేవు ఆ కోవలోనిది కాదు. అది రాష్ట్ర పరిధిలోనుండి ప్రయివేటు యాజమాన్యమున నడచుచున్నది. అందుచేత ఇచ్చటివారు అడిగి తెలిసికొనవలసిన అవసరము మరింత కలదు.

మేము దీనిని మెచ్చుకొనుచున్నను, ఉన్నమాట చెప్పవలెను. రేవు సమీపమున నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడింటితో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. బొగ్గుతో పుట్టిన విద్యుత్తునే ఓడకిచ్చినచో పొగ మాయము కాదు; ఓడ గొట్టమునుండి ఎత్తయిన చిమ్నీకి మారును. గట్టుమీది కూలీలకు, చేరువనున్న పల్లెలకు అదియు మేలే. సూర్యరశ్మితోను గాలితోను పుట్టిన విద్యుత్తు పాలు పెరిగినకొలది మేలు పెరుగును. ఇక బొగ్గు దింపునప్పుడు లేచు ధూళి మాట వేరు. దానిని తీరపు విద్యుత్తు ఒక్క రేణువైనను తగ్గింపదు. నీరు చల్లుట, మూతలు గల కన్వేయరులు, లారీలకు టార్పాలినులు: వీటిని విడిగానే అడుగవలెను. ఒకటి చూపి రెండవదానిని మరపించుటకు తావీయరాదు.

కృష్ణపట్టణము పారిశ్రామిక ప్రాంతమునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. విద్యుత్తు అవసరము ఇంకను పెరుగును. కనుక రేవునకు ప్రత్యేకమైన లైను వేయుదురా, లేక పొలముల ఫీడరులున్న సబుస్టేషనునుండియే ఇత్తురా? నిర్మాణపు వ్యయము ఓడలవారు భరింతురా, లేక అది అందరి చార్జీలలో కలియునా? విద్యుత్ చార్జీల నిర్ణయమునకు ముందు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి జరుపు బహిరంగ విచారణలో ఈ రెండవ ప్రశ్న వేయవచ్చును.

రేవు విస్తరణకు పర్యావరణ అనుమతి కోరినప్పుడు, 2006 నాటి ప్రకటన ననుసరించి ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలసియున్నచో, కనీసము 30 దినముల ముందు నోటీసు ఇత్తురు. ముసాయిదా నివేదిక కలెక్టరు కార్యాలయమునందును, జిల్లా పరిషత్తునందును చదువుటకు దొరకును. అందు ఓడల జనరేటర్ల పొగను లెక్కించిరో లేదో ముందుగా చూచుకొనవలెను. సభలో మాట్లాడుటతోపాటు ప్రశ్నను వ్రాసి ఇచ్చుట మంచిది. సభ ముగియునప్పుడు నమోదైన అంశములను తెలుగులో చదివి వినిపింపవలెనని నియమము కలదు. తమ ప్రశ్న అందు చేరినదో లేదో వినువరకు సభ్యులు కుర్చీలు విడువరాదు.