శూన్యమాసంలో ఇల్లు మారవచ్చా?



క్రిస్మసుకు పది రోజుల ముందు మన ఊళ్ళల్లో నెలగంట పెడతారు. ఆనాటి నుండి సంక్రాంతి వరకు ధనుర్మాసం. దాని వెంటే పుష్యమాసం. ఇరుగుపొరుగువారు దీనిని శూన్యమాసం అంటారు. పెళ్ళిళ్ళు ఉండవు, కొత్త ఇంట పాలు పొంగించరు, అద్దె ఇల్లు మారరు. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఈ రోజుల్లో ఇంటి కోసం తిరిగినవారు "నెలగంట పెట్టీసారు కదమ్మా, పండగెళ్ళాక రండి" అన్న మాట వినే ఉంటారు.

హిందూ సోదరులు ఈ మాట అంటే అది వారి ఆచారం, గౌరవించాలి. కాని పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నంలో అడుగుపెట్టి నూట డెబ్బై ఏళ్ళు దాటింది. తాతల నాడే జ్ఞానస్నానం పొందిన కుటుంబాలు కూడా "ఎందుకొచ్చిన గొడవ" అనుకుంటూ మాఘం వచ్చేదాకా ఆగుతున్నాయి. ఉద్యోగం ఒక ఊళ్ళో, సంసారం మరో ఊళ్ళో పెట్టుకొని రెండు అద్దెలు కడుతున్నవారూ ఉన్నారు. అడిగితే నమ్మకం లేదంటారు, భయం మాత్రం ఉంది.

తిరుకుటుంబం సంగతి చూడండి. లూకా సువార్తలో బాలయేసు పశువుల తొట్టిలో పరుండి ఉన్నాడు. మత్తయి సువార్తలో జ్ఞానులు వచ్చేసరికి వారు ప్రవేశించినది ఒక ఇంటిలోనికి (మత్తయి 2:11). అంటే ఈ మధ్యలో యోసేపుగారు ఎక్కడో తిరిగి, ఎవరినో బతిమాలి, బాలింతకు ఒక గది సంపాదించారన్నమాట. సువార్తికుడు ఆ కష్టం రాయలేదు గాని, అద్దె ఇంటి కోసం తిరిగినవారికి అది చెప్పకుండానే తెలుస్తుంది. ఆ ఇల్లూ నిలవలేదు. కలలో దేవదూత హెచ్చరించగానే, ఆ రాత్రే తల్లినీ బిడ్డనూ తీసుకొని ఆయన ఐగుప్తుకు బయలుదేరారు (మత్తయి 2:14). తెల్లవారే వరకు కూడా ఆగలేదు. వారము, వర్జ్యము చూస్తూ కూర్చుంటే హేరోదు సైనికులు వచ్చి ఉండేవారు.

గలతీయులు రోజులనూ నెలలనూ పట్టించుకొంటున్నారని విని, తాను వారి కోసం పడిన శ్రమ వ్యర్థమైందేమోనని పౌలుగారు కలత చెందారు (గలతీ 4:10-11). 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశం కూడా జాతకాలనూ జ్యోతిషాన్నీ నమ్మడం దేవునికి చెల్లవలసిన గౌరవానికి విరుద్ధమని చెబుతోంది (2116వ సంఖ్య).

ఇంకొక విషయం చాలామంది గమనించరు. ముగ్గురు రాజుల పండుగ జనవరి మొదటి వారంలో, అంటే సరిగ్గా ఈ శూన్యమాసంలోనే వస్తుంది. తిరుసభ పూర్వ సంప్రదాయంలో అది ఇళ్ళను ఆశీర్వదించే పండుగ. ఐరోపాలో అనేక చోట్ల నేటికీ ఆశీర్వదించిన సుద్దముక్కతో గుమ్మం పైన ఆ సంవత్సరపు అంకెలనూ, వాటి మధ్య మూడు అక్షరాలనూ రాస్తారు. అవి కాస్పర్, మెల్కియోర్, బల్తజార్ పేర్ల మొదటి అక్షరాలని కొందరు, "క్రీస్తు ఈ ఇంటిని ఆశీర్వదించుగాక" అనే లతీను ప్రార్థన మాటల మొదటి అక్షరాలని కొందరు చెబుతారు. లోకం శూన్యమన్న నెలలోనే తిరుసభ తీర్థజలం పట్టుకొని ఇంటింటికీ వెళ్ళింది!

అలాగని ఆచారాలన్నీ తోసిపుచ్చమనడం లేదు. పాలు పొంగించడం సంతోషానికి గుర్తు. ముందు ప్రార్థన చేసుకొని పొంగించండి, ఆ పాలు పక్కింటి పిల్లలకూ పోయండి. గుమ్మానికి సిలువ తగిలించి, దాని పక్కనే దిష్టికని బూడిద గుమ్మడికాయ కట్టడం మాత్రం తగదు. రెండింటిలో దేనిని నమ్మినట్టు?

ఇంటి యజమాని హిందువై పండుగ దాకా ఆగమంటే తగవు పెట్టుకోకండి, ఇల్లు ఆయనది. యజమాని మీరే అయితే? నెలలు నిండిన భార్యతో ఒకాయన మీ గుమ్మంలో నిలబడి ఇల్లడిగితే, "ఈ నెల పోనీండి" అని పంపేస్తారా? పంపి, ఆ రాత్రే వాకిట్లో పశువుల పాకకు నక్షత్రం కడతారా?

ఆగవలసిన కారణాలు వేరే ఉన్నాయి. చంటిబిడ్డ, ఉబ్బసమున్న ముసలివారు ఉంటే ఆరని సిమెంటు ఇంట్లోకి ఈ చలిలో చేర్చకండి. పొద్దెక్కి మంచు విడిచాకే సామాను బండి ఎక్కించండి. సీతంపేట, పార్వతీపురం కొండ దారుల్లో ఇది మరీ అవసరం.

కొత్తవలస, గూడెపువలస... మన వైపు ఊళ్ళ పేర్లలోనే వలస ఉంది. వరికోతలు అయ్యాక పనికోసం విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో తరలిపోయే కుటుంబాలు అక్కడ ఏ గుడికి వెళ్ళాలో, ఏ గురువును అడగాలో తెలియక బిడ్డల జ్ఞానస్నానం ఏళ్ళ తరబడి వాయిదా వేస్తున్నాయి. తిరుసభ చట్టం ప్రకారం ఒక విచారణలో మూడు నెలలు ఉండే ఉద్దేశంతో చేరితే చాలు, అక్కడి విచారణ గురువు మీకూ గురువే (చట్టం 102, 107). ఆయన దగ్గరకు వెళ్ళడం మీ హక్కు. తిరిగివచ్చే ఉద్దేశం ఉన్నంతవరకు సొంత ఊరి విచారణ కూడా మీదే.

బయలుదేరే ముందు ఆదివారం పూజ ముగిశాక మీ గురువులను కలిసి ఇంటిల్లిపాది జ్ఞానస్నాన పత్రాలు తీసుకోండి. ఎన్ని ఊళ్ళు మారినా ఆ నమోదు జ్ఞానస్నానం పొందిన గుడి పుస్తకంలోనే ఉంటుంది. రేపు పిల్ల పెళ్ళికి ఆ గుడి నుండే పత్రం తేవాలి. పత్రాలు గిన్నెల మూటలో కాక అమ్మ చేతి సంచిలో పెట్టండి.