నాడా తీసిన గుర్రం



మన కొండ ఊళ్ళలో రోడ్డు లేని చోట సరుకు మోసేదీ, మనిషిని మోసేదీ గుర్రమే. మా మావయ్య మైదానంలో ఒక గుర్రం కొన్నాడు. నాలుగు కాళ్ళకూ నాడాలున్నాయి. అవి అరిగితే మళ్ళీ కొట్టేవాడు మా కొండ మీద లేడు. అందుకని నాడాలు పీకించేసి, మరునాడే దాన్నెక్కి సంతకు బయలుదేరాడు. రాళ్ళ బాట రాగానే గుర్రం ఆగిపోయింది. "సోమరిది" అని మావయ్య బెత్తంతో కొట్టాడు. అది కుంటుకుంటూ పక్కనున్న గడ్డిలోకి పోయింది. అది సోమరితనం కాదు, నొప్పి. ఆ సంగతి పశువుల డాక్టరు గారు చెప్పాక తెలిసింది.

గిట్ట ఎలా ఉంటుంది?

గిట్ట పైపెంకు మన గోరులాంటిది. రెండూ కెరటిన్ అనే పదార్థంతో తయారైనవే. పెంకులో నెత్తురు, నరాలు ఉండవు. అందుకే మేకు సరిగా కొడితే నొప్పి ఉండదు. లోపల మాత్రం ప్రాణమున్న కండ, ఎముక ఉంటాయి. అడుగున అరికాలు, దాని మధ్యలో మూడు మూలల మెత్తని భాగం ఉంటాయి.

నాడా ఉన్నన్నాళ్ళూ అరికాలు నేలకు కాస్త ఎత్తులో ఉంటుంది. రాళ్ళ అలవాటు తప్పుతుంది. మనం హాస్టల్లో నెలల తరబడి చెప్పులేసుకుని, సెలవులకు ఇంటికెళ్తే మొదటి వారం కాళ్ళు మండవూ? ఇదీ అంతే.

ఎన్నాళ్ళు పడుతుంది?

గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైన వెంట్రుకల అంచున పుట్టిన కొత్త పెంకు ముందువైపు నేలదాకా రావాలంటే 9 నుంచి 12 నెలలు కావాలి. మేకుల బొక్కలున్న పాత పెంకు అంతకు ముందే అరిగి, కోతకు పోతుంది.

ఏం చేయాలి?

1. నాడా తీశాక పెంకు అంచును ఆకురాయితో గుండ్రంగా రాయించాలి. లేకపోతే మేకుల బొక్కల దగ్గర పెచ్చులూడుతుంది. అరికాలిని చెక్కనివ్వకూడదు.
2. మొదట మనిషి ఎక్కకుండా, మెత్తని నేల మీద రోజూ కొంచెంసేపు నడిపించాలి. తర్వాత గట్టి నేల. రాళ్ళ బాట అన్నిటికంటే చివర.
3. నొప్పి లేకుండా నడిచాకే ఎక్కాలి. బరువు కొంచెం కొంచెంగా పెంచాలి.
4. రోజూ గిట్టలో బురద, రాళ్ళు తీయాలి. నల్లగా కుళ్ళి వాసనొస్తే జబ్బని తెలుసుకోవాలి.
5. గడ్డి ముఖ్యం. గింజలు ఎక్కువ పెడితే గిట్టల్లో వాపు రావచ్చు.
6. 4 నుంచి 6 వారాలకొకసారి గిట్టలు సరిచేయించాలి.

పొట్టి అడుగులేస్తే, గడ్డి అంచు వెతుక్కుంటే నొప్పి ఉందని అర్థం. గిట్ట వేడిగా ఉంటే, ముందు కాళ్ళ మీద బరువు మోపలేక వెనక్కి వాలితే వెంటనే డాక్టరుకు చూపించాలి. గిట్ట జబ్బున్న గుర్రాలకు నాడాలే మేలు కావచ్చు. అది డాక్టరు చూసి చెప్పాలి.

ఇది కొత్త విద్య కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు దేశపు జెనోఫోన్ గుర్రాల పెంపకం గురించి పుస్తకం రాశాడు. కొట్టం బయట గుండ్రాళ్ళు పరచి, వాటి మీద గుర్రాన్ని నిలబెడితే గిట్టలు గట్టిపడతాయని అందులో చెప్పాడు.

మా మావయ్య ఆ తర్వాత కొన్ని నెలలు గుర్రమెక్కలేదు. సంతకు సరుకు తానే కావడితో మోశాడు. భుజం కాయలు కాచింది. "దాని నొప్పి ఇప్పుడు తెలిసిందిరా" అన్నాడు. ఇప్పుడా గుర్రం నాడాల్లేకుండానే రాళ్ళ బాట ఎక్కుతోంది. బెత్తం మాత్రం చూరులోనే ఉంది.

ఆలోచించండి: మీ ఊళ్ళో గుర్రం ఆగిపోతే ముందు ఏం చూస్తారు? దాని కాలా, మీ కర్రా?