కొనేముందు ఈ రెండు మాటలూ అడుగుదాం

అక్కలూ, చెల్లెళ్లూ, ఈసారి సెల్‌ఫోన్ల ముచ్చట పెట్టుకుందాం. ఇదేదో మగపిల్లల వ్యవహారం అని పేజీ తిప్పకండి. ఇందులో మన డబ్బుంది, మన ఆడపిల్లల బతుకూ ఉంది.

మన పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఔటర్ ఎక్కి బొంగులూరు, రావిర్యాల వైపు పోతే కొంగరకలాన్ వస్తుంది. ఇబ్రహీంపట్నం మండలంలోని ఊరు. జిల్లా కలెక్టరేట్ అక్కడే కాబట్టి ఏదో ఒక పని మీద మనలో చాలామంది వెళ్లొచ్చే ఉంటారు. ఆ ఊళ్లోనే 2023 మే 15న, ఆపిల్‌కు సరుకు తయారుచేసిచ్చే ఫాక్స్‌కాన్ కంపెనీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. ఆపిల్ కంపెనీ ఎయిర్‌పాడ్స్, అంటే చెవిలో పెట్టుకునే ఆ తెల్ల ఇయర్‌ఫోన్లు, 2025 నుంచి అక్కడ తయారై విదేశాలకు పోతున్నాయి.

ఆపిల్ సరుకు గురించి ఎవరిని అడిగినా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "రేటు ఎక్కువైనా ఏళ్ల తరబడి వస్తుంది, అప్‌డేట్లు ఆగవు, మళ్లీ అమ్మినా మంచి ధర పలుకుతుంది" అని కొందరు. "అంత పోసి కొంటే డబ్బాలో ఛార్జర్ కూడా పెట్టరు" అని ఇంకొందరు. రెండూ నిజమే. ఐఫోన్ డబ్బాలో ఛార్జర్ ఇవ్వడం 2020లోనే మానేశారు.

అయితే నమ్మకానికి దెబ్బ తగిలింది 2017 డిసెంబర్లో. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని అప్‌డేట్ ద్వారా తామే తగ్గించామని కంపెనీ ఒప్పుకుంది. ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా అలా చేశామని చెప్పింది. మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా? ఫోన్ పాడైందనుకొని ఎంతమంది కొత్తది కొన్నారో! తర్వాత క్షమాపణ చెప్పి, అమెరికాలో బ్యాటరీ మార్చే ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. వాడేవాళ్లకు చెప్పకుండా దాచినందుకు ఫ్రాన్స్ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. అడిగేవాళ్లుంటే ఎంత పెద్ద కంపెనీ అయినా దిగొస్తుందమ్మా.

ఇది ఒక్క ఆపిల్‌తో పోయేది కాదు. మా పక్కింటి వదిన ఫోన్ వేరే కంపెనీది. బ్యాటరీ ఉబ్బి, వెనక అద్దం ఒక పక్క పైకి లేచింది. స్క్రీన్ మీద గీత పడలేదు, కెమెరా అద్దంలా ఉంది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే "ఈ మోడల్‌కు బ్యాటరీలు రావట్లేదు, కొత్తది తీసుకోండి" అన్నారట. కుక్కర్‌కు గ్యాస్కెట్ పోతే గ్యాస్కెట్ మారుస్తాం గానీ కుక్కర్ పారేస్తామా? ఎయిర్‌పాడ్‌ను చేతిలోకి తీసుకొని చూడండి, ఎక్కడా ఒక్క మర కనిపించదు, అంతా జిగురుతో మూసేసి ఉంటుంది. లోపలి బ్యాటరీ నీరసపడితే మొత్తం ఇయర్‌ఫోన్‌నే మార్చుకోవాలి. అందుకే వస్తువుల్ని విప్పి చూసే ఐఫిక్సిట్ సంస్థ మొదటి ఎయిర్‌పాడ్స్‌కు మరమ్మతు విషయంలో పదికి సున్నా వేసింది.

ఇక అసలు ముచ్చట. ఈ వస్తువుల్ని బిగించే చేతుల్లో ఎక్కువ ఆడపిల్లలవే. ఆంధ్రలోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015 నుంచి ఫోన్లు తయారుచేస్తోంది, అక్కడా అంతే. తమిళనాడులోని శ్రీపెరుంబుదూర్‌లో ఉన్న ఫాక్స్‌కాన్ ఐఫోన్ ప్లాంటులో 2021 డిసెంబర్లో హాస్టల్ తిండి వికటించి నూటయాభై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. తోటి అమ్మాయిలు రోడ్డెక్కారు. కొన్ని హాస్టళ్లూ భోజనశాలలూ తమ ప్రమాణాలకు తగ్గట్టు లేవని ఆపిలే ఒప్పుకుంది. అంతకు ఏడాది ముందు కోలారు దగ్గర నర్సాపురలో, అప్పట్లో ఐఫోన్లు బిగించిన విస్ట్రాన్ ఫ్యాక్టరీలో జీతాల గొడవ విధ్వంసం దాకా పోయింది.

2024 జూన్‌లో వచ్చిన వార్త చదివి నాకైతే కడుపు రగిలిపోయింది. శ్రీపెరుంబుదూర్‌లో పెళ్లైన ఆడవాళ్లను ఉద్యోగంలోకి తీసుకోవట్లేదని రాయిటర్స్ బయటపెట్టింది. ఫాక్స్‌కాన్ కాదంది. కేంద్రం తమిళనాడును నివేదిక అడిగింది, మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. ఆ తర్వాత ఉద్యోగ ప్రకటనల్లో పెళ్లి సంగతి ఎత్తొద్దని కంపెనీ తన ఏజెంట్లకు చెప్పినట్టు మళ్లీ వార్త వచ్చింది. మెడలో పుస్తెలుంటే చేతిలో పనితనం తగ్గుతుందా చెప్పండి? ఇల్లు నడిపే మనిషికే కదా జీతం ఎక్కువ అక్కర!

కొంగరకలాన్‌లో ఇలా జరుగుతోందని నేననడం లేదు. మన పిల్లలకు దగ్గర్లో కొలువు దొరికితే అంతకన్నా సంతోషం ఏముంది? జరగకుండా చూసుకోవాల్సింది మాత్రం మనమే. ఆ ఫ్యాక్టరీకో, ఇంకో ఫ్యాక్టరీకో వెళ్లే అమ్మాయి మీ ఇంట్లో ఉంటే హాస్టల్ తిండి ఎలా ఉంది, ఓవర్‌టైమ్ డబ్బు సరిగా పడుతోందా, పీఎఫ్ కడుతున్నారా అని అడగండి. అపాయింట్‌మెంట్ లెటర్, పేస్లిప్ ఇంట్లో భద్రం చేయించండి.

దుకాణంలో కూడా కెమెరా, రంగు చూశాక ఇంకో రెండు మాటలు అడగండి. బ్యాటరీ పోతే మారుస్తారా, ఎంతవుతుంది? ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు? జవాబు బిల్లు మీద రాయించుకోండి. మోసం జరిగిందనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు కొన్న వస్తువుకు ఫిర్యాదు ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు.

డబ్బు మనది, చెమట మన బిడ్డలది. అడగడానికి మొహమాటపడకండి తల్లీ.