నాలుగు బైట్ల ఫొటో

మార్చి వచ్చిందంటే మన బడుల్లో బెంచీలు ఖాళీ అవుతాయి. ఈసారి బదిలీ మీద వెళ్లిపోయే స్నేహితుల పేరు, వెళ్లే ఊరు, ఒక ఫొటో కలిపి ఆల్బమ్ చేద్దామని కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక చిన్న ఫారం తయారుచేశాం. తరగతిలో మనం నేర్చుకునేది పైథాన్. అందులో ఇలాంటి ఫారాన్ని విప్పే లైబ్రరీలు దొరుకుతాయి, నాలుగు వరుసల్లో పని అయిపోతుంది. కానీ లోపల ఏం జరుగుతుందో చూడాలని మేము దాన్ని సీ భాషలో రాయడానికి పూనుకున్నాం.

పేర్లు, ఊళ్లు చక్కగా వచ్చాయి. మొదటి ఫొటో మాత్రం తెరుచుకోలేదు. పంపిన ఫైలు 48 వేల బైట్ల పైమాటే, మా ప్రోగ్రాం దాచినది సరిగ్గా 4 బైట్లు. ఆ ఫొటో ఇచ్చినవాడు మర్నాడు సాయంత్రం రైలెక్కి తేజ్‌పూర్ వెళ్లిపోతున్నాడు.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే ముందు ఫారం ఎలా ప్రయాణిస్తుందో చూడాలి. ఫైలు కూడా ఉన్న ఫారాన్ని బ్రౌజర్ ఒకే కట్టగా పంపుతుంది. దీని పేరు మల్టీపార్ట్ ఫారం డేటా. దీని నియమాలను 1995లో ఆర్.ఎఫ్.సి. 1867 అనే పత్రంలో రాశారు. ఇప్పుడు చూడవలసినది 2015 నాటి ఆర్.ఎఫ్.సి. 7578.

బదిలీ సామాను లారీకి ఎక్కించడం మనందరికీ తెలిసిందే. ప్రతి పెట్టె మీదా అమ్మ 'వంటిల్లు', 'పుస్తకాలు' అని చీటీ అంటిస్తుంది. ఇక్కడా అంతే. ఒక్కో భాగానికి ముందు బౌండరీ అనే గుర్తు వరుస, దాని కింద చీటీ (ఈ భాగం పేరు ఏమిటి, ఫైలయితే ఫైలు పేరు ఏమిటి), ఆ తర్వాత ఒక ఖాళీ వరుస, ఆపైన అసలు సరుకు. బౌండరీ ఏమిటో బ్రౌజరే నిర్ణయించి ముందుగా చెబుతుంది. అది 70 అక్షరాలు మించకూడదు. కట్టలో వాడేటప్పుడు దాని ముందు రెండు అడ్డగీతలు చేరతాయి. చిట్టచివరి గుర్తుకు వెనక కూడా మరో రెండు ఉంటాయి. క్రోమ్ బ్రౌజర్ పెట్టే బౌండరీయే నాలుగు అడ్డగీతలతో మొదలవుతుంది కాబట్టి కట్టలో ఆరు కనిపిస్తాయి. ఆ గీతలు లెక్కపెట్టడంలోనే మాకు ఒక పీరియడ్ గడిచిపోయింది.

ఇక నాలుగు బైట్ల సంగతి. సీ భాషకు మాట ఎంత పొడవో విడిగా తెలియదు. సున్నా విలువ గల బైటు ఎక్కడ కనబడితే అక్కడ మాట అయిపోయిందనుకుంటుంది. పేర్లలో సున్నా బైటు రాదు కాబట్టి ఇబ్బంది లేదు. ఫొటో మాట కాదు. మేము పెయింట్‌లో చిన్నది చేసి దాచిన జేపెగ్ ఫైలు మొదటి బైట్లు ఇవి: 255, 216, 255, 224, 0, 16. అయిదో బైటే సున్నా! పొడవు కొలిచే స్ట్ర్‌లెన్ అక్కడే ఆగి '4' అని చెప్పింది. అది తప్పు చెప్పలేదు, అడగకూడనిది మేమే అడిగాం.

అందుకని స్ట్ర్ అని మొదలయ్యే ఫంక్షన్లను ఫొటో జోలికి రానివ్వలేదు. సరుకు ఎక్కడ మొదలైంది, ఎన్ని బైట్లు అనే రెండు సంగతులనూ ఎప్పుడూ జంటగా ఉంచుకున్నాం. బౌండరీని మెమ్‌కంప్‌తో బైటు బైటుగా పోల్చి వెతికాం. బౌండరీకి ముందున్న వరుస మార్పు, అంటే 13, 10 అనే రెండు బైట్లు, బౌండరీకే చెందుతాయి. వాటిని ఫొటోలో కలిపితే ప్రతి ఫైలూ రెండు బైట్లు లావవుతుంది. తొలి బౌండరీకి ముందు మాత్రం ఆ రెండూ ఉండకపోవచ్చు, దాన్ని వేరుగా చూసుకోవాలి.

ఆ రాత్రికి ఫొటోలు తెరుచుకున్నాయి. అయినా అప్పుడప్పుడు ఒక ఫొటో, దాని తర్వాతి భాగం కలిసిపోయి ఒకే ఫైలుగా వచ్చేవి. అన్నిసార్లూ కాదు, అదే విసుగు. కారణం తెలియడానికి రెండు రోజులు పట్టింది. మేము కట్టను 4096 బైట్ల చొప్పున చదువుతున్నాం. బౌండరీ సగం ఒక విడతలో, సగం తర్వాతి విడతలో పడితే రెండింటిలోనూ దొరకదు. ఇప్పుడు ప్రతి విడత చివరి 41 బైట్లను పారేయకుండా తర్వాతి విడత ముందు అతికిస్తున్నాం. క్రోమ్ బౌండరీ 38, అడ్డగీతలు 2, వరుస మార్పు 2, మొత్తం 42. అందులో ఒకటి తక్కువ చాలు, 42 కూడా వచ్చేసి ఉంటే ఆ విడతలోనే దొరికేది.

తెలుగులో పేర్లు రాయమన్నాక ఇంకో చిక్కు వచ్చింది. పేరుకు 20 బైట్ల చోటు కేటాయించాం. ఇంగ్లీషులో 'సత్యనారాయణ' 13 అక్షరాలు, హాయిగా సరిపోతుంది. తెలుగులో యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు కావాలి. అలా అదే పేరుకు 30 బైట్లు. సీ భాష 'చోటు చాలదు' అని హెచ్చరించదు, పక్కనున్న జ్ఞాపకం మీద రాసేస్తుంది. మాకు పక్కనున్నది ఊరి పేరు, అది కాస్తా పాడైంది. మన భాషలో పేరు రాసినవాళ్లకే ఇలా జరగడం మాకు బాగా గుచ్చుకుంది. ఇప్పుడు రాసే ముందే పొడవు చూసి, దానికి తగినంత చోటు అడిగి తీసుకుంటున్నాం.

పంపినవాళ్లు పెట్టిన ఫైలు పేరుతో ఫైలును దాచకండి. అందులో రెండు చుక్కలు, ఏటవాలు గీత పెట్టి ఎవరైనా వేరే ఫోల్డర్లోకి దూరవచ్చు. మేము 1, 2, 3 అని మా సొంత నంబర్లు ఇచ్చాం.

తేజ్‌పూర్ వాడి ఫొటో నంబరు 1. మర్నాడు వాడు స్టేషన్‌కు బయలుదేరేలోగా వాళ్ల నాన్నగారి ఫోన్‌కు ఆల్బమ్ పేజీ పంపాం. అసలు ఫైలునూ, మేము దాచినదానినీ పక్కపక్కన పెట్టి బైటు బైటుగా పోల్చాం. ఒక్కటీ తేడా రాలేదు.