చేమదుంప కుప్పను దేశం లెక్కలోకి ఎక్కించే పద్ధతి

ఫిజీలో చెరకు లారీ మిల్లు గేటు దాటగానే కాటా ఎక్కుతుంది. ఏ రైతు ఎన్ని టన్నులు తోలాడో చీటీ మీద పడుతుంది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి, గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా అక్కడికి చేరిన తెలుగు, తమిళ, మలయాళ కుటుంబాలు నరికిన చెరకు కూడా ఇలాంటి లెక్కల్లోకే చేరింది. ఇప్పుడు అదే చెరకు రైతు ఇంటి వెనకకు వెళ్లి చూడండి. కర్రపెండలం, చేమ, బెండ మొక్కలు, ఒక సీమపనస చెట్టు, వాటి కింద తిరిగే కోళ్లు. వీటికి కాటా లేదు, చీటీ లేదు. ఇంటిల్లిపాదికీ రోజూ కడుపు నింపేవి మాత్రం ఇవే.

పసిఫిక్ దీవుల్లో చాలాచోట్ల ఇదే పరిస్థితి. అమ్మే పంట లెక్క ఓడరేవులో దొరుకుతుంది. తినే పంట లెక్క అక్కడ దొరకదు. 1993లో సమోవా చేమ తోటల మీద ఆకు ఎండు తెగులు విరుచుకుపడింది. దేశానికి ప్రధాన ఎగుమతిగా ఉన్న చేమదుంప రవాణా దాదాపు ఆగిపోయింది. ఎగుమతి ఎంత పడిపోయిందో కస్టమ్స్ పుస్తకం చెబుతుంది. వంటింట్లో దుంప ఎంత తగ్గిందో తెలియాలంటే ఇంటింటికీ వెళ్లి అడగాల్సిందే. ఆ పనే వ్యవసాయ గణన. చిన్న దేశానికి ఒంటరిగా భారమైన ఈ పనిని ఇరుగుపొరుగు దీవులు కలిసి ఎలా పూర్తి చేస్తాయో ఒక్కో మెట్టూ చూద్దాం.

ముందుగా సమకూర్చుకోవలసినవి

ప్రభుత్వ ఉత్తర్వు, డబ్బు, ట్యాబ్లెట్లు, తూకం కాటాలు, పడవలు, ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే, ఊళ్లు తెలిసిన ఎన్యూమరేటర్లు. ఇవి కొంత కష్టపడితే దొరుకుతాయి. దొరకనిది నిపుణులే. సుమారు పది వేల జనాభా ఉన్న తువాలు లాంటి దేశంలో గణాంక కార్యాలయం అంటే గుప్పెడు మంది. ధరల సూచీ, జనాభా లెక్క, ఎగుమతి దిగుమతులు అన్నీ వాళ్ల నెత్తి మీదే. పదేళ్లకోసారి వచ్చే పని కోసం శాంప్లింగ్ నిపుణుణ్ణి జీతమిచ్చి ఏడాది పొడవునా కూర్చోబెట్టుకోలేరు.

అందుకే నిపుణులను ఉమ్మడిగా పెట్టుకున్నారు. 1947లో పుట్టి, న్యూ కలెడోనియాలోని నౌమియా కేంద్రంగా పనిచేసే పసిఫిక్ కమ్యూనిటీలో గణాంకాలకు ఒక ప్రత్యేక విభాగం ఉంది. 22 పసిఫిక్ దీవి దేశాలూ ప్రాంతాలూ దాని సేవలు అందుకుంటాయి. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థకు సమోవా రాజధాని అపియాలో ఉపప్రాంతీయ కార్యాలయం ఉంది. ఒక దేశంలో గణన ముగించి అనుభవం గడించినవాళ్లు పక్క దేశానికి వెళ్లి పని నేర్పవచ్చు. ఊరంతటికీ ఒకే మంత్రసాని ఉన్నట్టు, ఇన్ని దీవులకూ ఒకే బృందం.

మొదటి మెట్టు: ఎవరిది సాగు?

మన దగ్గర భూమి అనగానే సర్వే నంబరు, పట్టా, అడంగల్ గుర్తుకొస్తాయి. ఫిజీలో అత్యధిక భూమి స్థానిక ఇతౌకేయి వంశాల ఉమ్మడి ఆస్తి. దాన్ని అమ్మడానికి వీల్లేదు. వనువాటు రాజ్యాంగం భూమంతా ఆచార హక్కుదారులదే అంటుంది. ఇలాంటి చోట రికార్డు తిరగేసి రైతును పట్టుకోలేం. అందుకని భూమి ఎవరిదని కాకుండా, సాగు నిర్ణయాలు ఎవరు తీసుకుంటారని అడుగుతారు. ఒకే యాజమాన్యం కింద నడిచే సాగంతా ఒక కమతం. ఇల్లు ఒక చోట, చేమ మడి వాగు పక్కన, వేళ్లను పానీయానికి వాడే కావా మొక్కల తోట కొండ మీద ఉన్నా కమతం ఒక్కటే.

ఇక్కడే దేశాలన్నీ ఒక మాట మీదికి రావాలి. ఎన్ని మొక్కలుంటే, ఎన్ని పందులుంటే ఆ ఇంటిని సాగు చేసే ఇల్లు అనాలి? ఈ గీత ఒక్కో దేశం ఒక్కోచోట గీసుకుంటే టోంగా అంకెను సమోవా అంకె పక్కన పెట్టి చూడలేం. ప్రతి పదేళ్ల విడత గణనల కోసం ఆహార వ్యవసాయ సంస్థ ఇచ్చే ప్రపంచ మార్గదర్శకాలను ప్రాంతానికి తగ్గట్టు మలుచుకోవడం ఈ మెట్టులో అసలు పని.

రెండో మెట్టు: ఇళ్ల జాబితా

జాబితా కోసం వేరే ఖర్చు పెట్టనక్కరలేదు. జనాభా లెక్కలకు ఎలాగూ ప్రతి గడపా తొక్కుతారు. అప్పుడే నాలుగైదు ప్రశ్నలు చేరుస్తారు: ఈ ఇంట్లో పంట వేస్తారా, పశువులను పెంచుతారా, చేపలు పడతారా, అవి తినడానికా, అమ్మడానికా? ఆ జవాబులతోనే సాగు చేసే ఇళ్ల జాబితా తయారవుతుంది. జనాభా లెక్క ముగిసిన కొద్దికాలానికే వ్యవసాయ గణన పెట్టుకుంటే జాబితా తాజాగా ఉంటుంది. ఆలస్యమైతే కుటుంబాలు వలస పోతాయి, తుఫానుకు ఊళ్లు చెదిరిపోతాయి.

మూడో మెట్టు: ఎన్ని ఇళ్లకు వెళ్లాలి?

చిన్న దేశమైతే చిన్న శాంపిల్ చాలుననుకోవడం సహజం. కానీ లెక్క అలా పనిచేయదు. అన్నం ఉడికిందో లేదో చూడాలంటే గుండిగలోనైనా చిన్న గిన్నెలోనైనా పట్టి చూసే మెతుకులు దాదాపు అన్నే. సాదా శాంప్లింగ్‌లో ఒక శాతాన్ని, ఉదాహరణకు పందులు పెంచే ఇళ్ల శాతాన్ని, అటూ ఇటూ 5 శాతం తేడాలో, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 15 లక్షల ఇళ్లున్న దేశంలో 384 ఇళ్లు చూడాలి. 1,500 ఇళ్లే ఉన్న దేశంలోనూ 306 చూడాలి. అంటే ప్రతి అయిదిళ్లలో ఒకటి. ఇక ఒక్కో దీవికి విడిగా అంకె కావాలంటే ప్రతి ఇంటికీ వెళ్లడమే మేలు.

దేశం చిన్నదైనా పని చిన్నది కాదన్న నిజం ఈ రెండు అంకెల్లోనే ఉంది. ఇరుగుపొరుగు సాయం ఎందుకు తప్పనిసరో కూడా ఇవే చెబుతాయి.

నాలుగో మెట్టు: ప్రశ్నపత్రం

అన్ని దేశాలకూ ఉమ్మడిగా ఒక వెన్నెముక ఉంటుంది: కమతం, పంటలు, పశువులు, పనివాళ్లు, నీరు, అమ్మకం. దాని మీద ఎవరి దీవికి తగ్గ ప్రశ్నలు వాళ్లు చేర్చుకుంటారు. తువాలులో నేల తవ్వి, మంచినీటి పొర తగిలే గుంటల్లో పులాకా అనే పెద్ద జాతి దుంప పెంచుతారు. ఆ గుంటల్లోకి ఉప్పునీరు ఊరుతోందా అన్నది అక్కడి వాళ్లకు ప్రాణాధారమైన ప్రశ్న. కావాను, సీమపనసను ఎకరాల్లో అడగడం కంటే మొక్కల్లో, చెట్లలో అడిగితే రైతు తడుముకోకుండా చెబుతాడు.

ఎవరిని అడుగుతున్నామన్నదీ ముఖ్యమే. ఇంటి పెద్దాయన్ను ఒక్కణ్ణే అడిగితే చెరకు గురించి, కావా గురించి చెబుతాడు. ఆటు సమయంలో పగడపు దిబ్బల మీద నత్తగుల్లలు ఏరేది, పెరట్లో ఆకుకూర పెంచేది ఆడవాళ్లు. వాళ్లను నేరుగా అడగకపోతే ఆ పంటా ఆ శ్రమా లెక్కలోంచి జారిపోతాయి. తర్వాత ప్రశ్నలను ఫిజీలో ఇతౌకేయి, ఫిజీ హిందీ భాషల్లో, వనువాటులో బిస్లామా భాషలో అడిగేలా సిద్ధం చేసి, కొన్ని ఊళ్లలో పరీక్షించి చూస్తారు. జనం తడబడిన ప్రతి ప్రశ్ననూ తిరగరాస్తారు.

అయిదో మెట్టు: కుప్పను కిలోలు చేయడం

ఈ ప్రయాణంలో అన్నిటికంటే ఓపిక కావలసిన చోటు ఇది. ఫిజీ రాజధాని సువా మార్కెట్లో చేమదుంపను కిలోల్లో కాకుండా కుప్పగా పోసి, లేదా కాడలతో కట్టగట్టి అమ్ముతారు. రైతు నోట వచ్చేదీ అదే మాట: "ఇన్ని కుప్పలు తీసుకెళ్లాను." కుప్ప అంటే ఎంత?

దానికో పద్ధతుంది. మార్కెట్ తెరిచే వేళకు కాటా పట్టుకుని వెళ్తారు. అమ్మేవాళ్లకు విషయం చెప్పి, అనుమతి తీసుకుని, కుప్పను ఉన్నదున్నట్టు తూస్తారు. అందులో దుంపలెన్నో లెక్కపెట్టి, పెద్ద కుప్పా చిన్న కుప్పా అన్నది రాసి, పక్కన ధర రాసి, ఫోటో తీస్తారు. తర్వాత మరో బల్ల, ఇంకో మార్కెట్. పాఠం కోసం మూడు కుప్పలే తూశామనుకుందాం: 3.1, 2.6, 3.9 కిలోలు. సగటు 3.2. నెలలో 12 కుప్పలు అమ్మానన్న రైతు పంట అప్పుడు 38.4 కిలోలుగా లెక్కకెక్కుతుంది. ధర మారకపోయినా కరువు రోజుల్లో కుప్ప కుంచించుకుపోతుంది కాబట్టి ఏడాదిలో కొన్నిసార్లు మళ్లీ తూయాలి.

ఎంత పండిందని అడగడంలోనూ ఒక చిక్కుంది. వరికి కోత ఒక్కసారే, అందుకే మన దగ్గర కొంత మడి కోసి, తూచి దిగుబడి లెక్కగట్టే పంట కోత ప్రయోగం పనికొస్తుంది. కర్రపెండలానికి కోత కాలమంటూ లేదు. కావలసినప్పుడు తవ్వుకుంటారు, మిగిలింది భూమిలోనే గాదెలో ఉన్నట్టు ఉంటుంది. అందుకే "ఏడాదిలో ఎంత పండింది?" అనకుండా "గత వారంలో ఎంత తవ్వారు?" అని అడిగి, అదే ప్రశ్న వేర్వేరు నెలల్లో వేస్తారు.

ఆరో మెట్టు: ట్యాబ్లెట్, శిక్షణ

కాగితం ఫారాలు పడవలో తడుస్తాయి. తప్పు రాసినా రాజధానికి చేరేదాకా బయటపడదు. ప్రపంచ బ్యాంకు ఉచితంగా ఇచ్చే సర్వే సొల్యూషన్స్ అనే సాఫ్ట్‌వేర్ నెట్ లేని దీవిలోనూ పనిచేస్తుంది, సిగ్నల్ దొరికినప్పుడు సమాచారం పంపుతుంది. రెండు కోళ్లకు బదులు రెండు వందలని కొడితే అక్కడికక్కడే హెచ్చరించేలా నియమాలు రాసుకోవచ్చు. మడి చుట్టూ నడిస్తే జీపీఎస్ విస్తీర్ణం చెబుతుంది. ఒక దేశం కోసం రాసిన ప్రోగ్రామును పక్క దేశం కాస్త మార్చి వాడుకోవచ్చు. 2020 ఫిబ్రవరిలో ఫిజీ తన వ్యవసాయ గణనను ట్యాబ్లెట్లతో చేసింది.

శిక్షణలో ఉపన్యాసం తక్కువ, ఆచరణ ఎక్కువ ఉండాలి. ఒకరు రైతుగా కూర్చుంటారు, ఇంకొకరు అడుగుతారు. తర్వాత నిజం మడి చుట్టూ నడుస్తారు, నిజం కుప్పను తూస్తారు.

ఏడో మెట్టు: ఊళ్లోకి అడుగు

ఫిజీ పల్లెకు ఊరికే చేతులూపుకుంటూ వెళ్లకూడదు. ముందు తురంగ ని కోరోను, అంటే ఊరి పెద్దను, కలవాలి. కావా వేళ్లకు అక్కడి పేరు యంగోనా. ఆ వేళ్ల కట్ట సమర్పించి, వచ్చిన పని చెప్పుకోవాలి. ఆ మర్యాద పేరు సెవుసెవు. అది జరిగాకే తలుపులు తెరుచుకుంటాయి. టోంగాలో ఆదివారం పవిత్రమని రాజ్యాంగమే చెబుతుంది, ఆ రోజు పని పెట్టుకోకూడదు. సుమారు 80 దీవులున్న వనువాటులో పడవ ఎప్పుడు బయలుదేరాలో సముద్రాన్ని చూసి నిర్ణయించుకోవాలి. ఇవన్నీ క్యాలెండర్‌లో ముందే రాసుకోని గణన గడువు దాటుతుంది.

ఎనిమిదో మెట్టు: వడపోత, విడుదల

వచ్చిన సమాచారాన్ని రోజూ చూడాలి. ఒకే ఎన్యూమరేటర్ అడిగిన ఇళ్లన్నిటా ఒకే జవాబుంటే మళ్లీ వెళ్లాలి. తర్వాత బయటి లెక్కతో పోల్చాలి. ఫిజీ న్యూజిలాండ్‌కు పంపానన్న చేమదుంపకూ, న్యూజిలాండ్ దిగుమతి చేసుకున్నానన్న దుంపకూ పొంతన కుదురుతోందా? ఇలాంటి సరిచూపు ఇద్దరు పొరుగువాళ్లు కలిసి కూర్చుంటేనే సాధ్యం.

విడుదల చేసేటప్పుడు గోప్యత జాగ్రత్త. దీవి మొత్తానికి పెద్ద పందుల ఫారం ఒక్కటే ఉంటే, పేరు తీసేసినా అది ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. అలాంటి అంకెలను పక్క దీవి అంకెలతో కలిపి చూపాలి. పేర్లూ ఆనవాళ్లూ తీసేసిన సమాచారాన్ని పసిఫిక్ కమ్యూనిటీ నడిపే పసిఫిక్ డేటా హబ్‌లో దాచితే, అధికారులు బదిలీ అయినా, కార్యాలయం తుఫానులో కొట్టుకుపోయినా లెక్క నిలుస్తుంది.

చివరి మెట్టు: మధ్య ఏళ్లలో

గణనతో పని ముగియదు. టోంగా 2001 తర్వాత 2015లో, వనువాటు 2007 తర్వాత 2022లో వ్యవసాయ గణన చేశాయి. 2015 మార్చిలో పామ్ తుఫాను వనువాటును చావుదెబ్బ కొట్టినప్పుడు అక్కడి చివరి వ్యవసాయ గణన జరిగి సుమారు ఎనిమిదేళ్లయింది. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాను ఫిజీలో 44 మందిని బలిగొంది. నష్టం 199 కోట్ల ఫిజీ డాలర్లని అంచనా వేశారు. ఏమి పోయిందో చెప్పాలంటే ముందు ఏమి ఉండేదో తెలియాలి. అందుకే రెండు గణనల మధ్య చిన్న శాంపిల్ సర్వేలు, మార్కెట్ తూకాలు, కుటుంబ వ్యయ సర్వేలోని తిండి వివరాలు కలిపి లెక్కను బతికించుకోవాలి. దాతల డబ్బు వచ్చిన ఏడాది మాత్రమే లెక్క తీసి, తర్వాత పదేళ్లు వదిలేయడం ఈ దీవులకు జరిగే అన్యాయం. ప్రాంతీయ బృందానికి ఏటా నిలకడగా నిధులివ్వడమే దీనికి మందు.

ఈసారి ఏ చిన్న దీవి దేశపు పంటల అంకె మీ కంటబడినా, ముందు దాని కింద ఉన్న సంవత్సరం చూడండి. తర్వాత అది అమ్మిన పంటదా, తిన్న పంట కూడా అందులో ఉందా అని చూడండి. ఈ రెంటికీ జవాబు లేని అంకెను నమ్మి సాయం పంచితే, పెరటి దుంప మీద బతికే ఇంటికే ఆ సాయం అందకుండా పోతుంది.