ఫంక్షన్ ఏ మాడ్యూల్‌ది?

శ్రీకూర్మం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో, రాజాం, టెక్కలి ఇంజినీరింగ్ కాలేజీల్లోనో చేరి పైథాన్ నేర్చుకుంటున్నవారికి ఒక చిన్న ప్రాజెక్టు చెబుతాను. శ్రీకాకుళం జిల్లాలోని మూడు క్షేత్రాల పేర్లతో, అక్కడి దేవుడి పేరు తిరిగిచ్చే మూడు ఫంక్షన్లు కావాలి. వాటిని చేత్తో రాయకుండా ఒక లూప్‌తో పుట్టించండి. పైథాన్ 3లో ఫంక్షన్ పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు.

శ్రీకూర్మం, అరసవల్లి, శ్రీముఖలింగం వరసలో లూప్ నడిపి, లోపల లాంబ్డా రాశారనుకోండి. శ్రీకూర్మం ఫంక్షన్‌ను పిలిస్తే కూర్మనాథుడు రావాలి. కానీ మధుకేశ్వరుడు వస్తాడు. అరసవల్లిని పిలిచినా ఆయనే! లూప్ వేరియబుల్ విలువను లాంబ్డా దాచుకోదు, పిలిచినప్పుడే వెతుక్కుంటుంది. అప్పటికి లూప్ చివరి పేరు దగ్గర ఆగి ఉంటుంది. ఫంక్షన్‌ను తయారుచేసే పనిని మరో ఫంక్షన్‌కు అప్పగిస్తే ఒక్కోదానికి దాని విలువ దానికి నిలుస్తుంది. ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న ఇది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. తయారీ కోడ్‌ను వేరే ఫైల్‌లో పెట్టి, అక్కడ గ్లోబల్స్‌లో పేర్లు చేరిస్తే అవి ఆ ఫైల్‌కే చెందుతాయి, పిలిచిన ఫైల్‌కు రావు. పైథాన్‌లో గ్లోబల్ అంటే ప్రోగ్రామ్ మొత్తానికి కాదు, ఒక్క మాడ్యూల్‌కే. అందుకే ఏ మాడ్యూల్‌లో పేరు ఉండాలో దాన్ని పారామీటర్‌గా పంపి, సెట్‌ఆటర్‌తో తగిలించాలి. ఫంక్షన్‌కు సొంత పేరు, మాడ్యూల్ పేరు కూడా సరిచేయాలి. లేకపోతే పికిల్ చేసేటప్పుడు, మల్టీప్రాసెసింగ్‌లో ఎర్రర్ వస్తుంది. పికిల్ ఫంక్షన్ కోడ్‌ను దాచదు, మాడ్యూల్ పేరు, ఫంక్షన్ పేరు మాత్రమే రాసుకుంటుంది మరి.

ఇదంతా ఉద్యోగంలో ఎక్కడ ఎదురవుతుందని అడుగుతారు. 2018లో వచ్చిన పైథాన్ 3.7లోని డేటాక్లాస్‌లు మీ బదులు ఇనిట్ మెథడ్‌ను రాసిపెడతాయి. జాంగో కూడా చాయిసెస్ ఉన్న ఫీల్డులకు డిస్‌ప్లే మెథడ్లను తానే తగిలిస్తుంది. బ్యాకెండ్, టెస్ట్ ఆటోమేషన్ పనుల్లో చేరితే ఇలాంటి కోడ్ వాడడమే కాదు, చెడిపోతే విప్పి చూడాల్సి వస్తుంది. కోర్సుల కోసం డబ్బు కట్టేముందు పైథాన్‌తోనే వచ్చే నేమ్డ్‌టపుల్ సోర్స్ కోడ్ చదవండి. తనను పిలిచిన మాడ్యూల్ పేరు అది ఎలా కనుక్కుంటుందో, ఎందుకు కనుక్కుంటుందో అందులోనే ఉంది.

ఒక మాట గట్టిగా చెబుతాను. పేరును బట్టి ఫంక్షన్‌ను ఎంచుకోవడమే మీ అవసరమైతే డిక్షనరీ చాలు. ఇంటర్వ్యూలో ఆ మాట మీరే ముందుగా చెప్పి, తర్వాత మీ ప్రాజెక్టు చూపించండి. అందులో మొదటి టెస్టు, మూడు ఫంక్షన్లు మూడు వేర్వేరు జవాబులు ఇస్తున్నాయో లేదో చూసేదై ఉండాలి.