గాలి తెచ్చిన ఇసుక గరప నేల అయ్యేదెలా? మీ చేను ఏ తరగతిదో తెలుసుకోండి

పెళ్లి బట్టలు కొనడానికి పట్నం వచ్చిన రైతు పత్తర్‌గట్టి రాతి కమానుల కింద ఒక్కసారైనా నడిచే ఉంటాడు. పత్తర్ అంటే రాయి. హైదరాబాదు కింద ఉన్నదీ, చుట్టూ గుట్టలుగా లేచిందీ గ్రానైటు రాయే. ఈ చుట్టుపక్కల మనం దున్నే ఎర్ర చల్కా కూడా ఆ రాయి పిల్లే. ఎండకు పగిలి, వానకు నాని, వేల ఏళ్లలో ఉన్నచోటనే మన్నయింది. అందుకే చల్కాలో గొయ్యి తవ్వితే కొంత లోతుకు మొరం, దాని కింద రాయి తగులుతాయి.

అన్ని నేలలూ ఇలా ఉన్నచోట పుట్టినవి కావు. కొన్నిటిని ఏరు తెచ్చింది, వాటిని ఒండ్రు నేలలు అంటాం. మరికొన్నిటిని గాలి తెచ్చింది. అనంతపురం జిల్లాలో హగరి ఒడ్డున, బాపట్ల, చీరాల సముద్ర తీరంలో, విశాఖపట్నం దగ్గర భీమిలి దారిలో గాలి పోసిన ఇసుక మీద ఏర్పడిన నేలలు కనిపిస్తాయి.

పైకి చూస్తే ఇవన్నీ ఇసుకే. మనం కూడా ‘దుబ్బ నేల’ అని ఒకే మాటతో తేల్చేస్తాం. అక్కడే రైతు నష్టపోతున్నాడు. గట్టుకు ఇవతలి చేలో వేసిన యూరియా పైరుకు అందుతుంది. అవతలి చేలో అదే యూరియా నీళ్లతో పాటు పాతాళానికి దిగిపోతుంది. రెండు చేల పైమన్ను ఒకేలా ఉన్నా లోపల ఒకేలా ఉండదు. రెండెకరాల చిన్న రైతుకు ఈ తేడా తెలియకపోతే ఎరువు ఖర్చు, కరెంటు, బోరు నీళ్లు మూడూ వృథా.

గాలి ఏది మోస్తుంది?

గాలి జల్లెడ లాంటిది. మి.మీ.లో పదో వంతు కన్నా సన్నని దుమ్మును పైకి లేపి ఎంతో దూరం తీసుకుపోతుంది. 0.1 నుంచి 0.5 మి.మీ. మధ్య ఉన్న ఇసుక రేణువులను గంతులు వేయిస్తూ నేలకు దగ్గరగా నడిపిస్తుంది. అంతకన్నా ముతక రేణువులు మెల్లగా దొర్లుతాయి. గులకరాళ్లు కదలవు. అందుకే గాలి పోసిన దిబ్బలో రేణువులు ఇంచుమించు ఒకే సైజులో, అంచులు అరిగి గుండ్రంగా ఉంటాయి. ఏరు పోసిన మేటలో ఇసుకతో పాటు గులకరాళ్లు, ఒండ్రు పొరలు కలిసి వస్తాయి. గొయ్యిలో గులకరాయి వరస కనిపిస్తే అది ఏటి పని అనుకోవచ్చు.

గంతులు వేసే ఇసుకలో ఎక్కువ భాగం నేల నుంచి జానెడు, జానెడున్నర ఎత్తులోనే పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

హగరి ఒడ్డున ఏం జరుగుతోంది?

కర్ణాటకలో పుట్టిన వేదవతికే హగరి అని మరో పేరు. వాణీవిలాస సాగరం, భైరవానితిప్ప జలాశయాలు దాటి అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల మీదుగా బళ్లారి వైపు సాగి తుంగభద్రలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏరు ఎండి, ఇసుక బయటపడి ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలి బలంగా వీస్తుంది. ఆ జిల్లా సగటు వాన 550 మి.మీ. దరిదాపు మాత్రమే కాబట్టి ఇసుకను తడిపి పట్టి ఉంచే తేమ గానీ, పచ్చిక గానీ చాలదు. దాంతో గాలి ఇసుకను లేపి పక్క చేల మీద మేట వేస్తుంది. నల్లరేగడి మీద కూడా ఇసుక కప్పేస్తుంది. విత్తిన గింజ పూడిపోతుంది, మొలిచిన మొక్క ఆకు ఇసుక రాపిడికి చిరిగిపోతుంది.

ఇది కొత్త ఇసుక. ఇందులో బంకమన్ను దాదాపు ఉండదు. కట్టి ఉంచే జిగురు లేదు గనుక ప్రతి గాలికీ మళ్లీ కదులుతుంది.

ఇసుక గరపగా మారే తీరు

దిబ్బ కదలకుండా నిలిచి, పైన గడ్డి, పొద పట్టిందంటే మార్పు మొదలైనట్టే. మొదట గాలిలో వచ్చే సన్నని దుమ్ము ఆకులకు, గడ్డికి తగిలి రాలి ఇసుకలో చేరుతుంది. రెండోది, ఇసుకలోని మెత్తని ఖనిజాలు తేమకు కుళ్లి బంకమన్నుగా మారుతాయి. మూడోది, వేళ్లు, ఆకులు చివికి జీవపదార్థం కలుస్తుంది. ఆపైన వాన నీరు సన్నని బంకమన్నును కిందికి మోసి ఒక లోతులో ఆపుతుంది. గొయ్యి గోడ మీద అడ్డంగా, అలలు అలలుగా, వేలు మందాన ఎర్రని లేదా గోధుమ రంగు చారలు కనిపిస్తే అవి ఈ బంక చారలే. పాత దిబ్బకు ఇది మంచి గుర్తు. ఈ చారలే నీటిని కొంతసేపు ఆపి పైరుకు అందిస్తాయి.

బాగా ముసలిదైన దిబ్బ ఎలా ఉంటుందో చూడాలంటే విశాఖపట్నం, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లాలి. ఒకప్పటి తీరపు ఇసుక అది. రేణువుల చుట్టూ ఇనుము తుప్పు పూతలా పట్టి ఎర్రబడింది, బంకమన్ను కూడా చేరింది. 2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయితే అక్కడే ఇంకో పాఠం ఉంది. పైన చెట్టూ చేమా లేనిచోట వాన నీరు ఆ దిబ్బలను లోతైన వాగులుగా కోసేసింది. గాలికి నిలిచిన నేల నీటికి కొట్టుకుపోగలదు.

తరగతులు: మూడు ప్రశ్నలు

నేలను వర్గీకరించే శాస్త్రం పెద్దదే గానీ రైతుకు మూడు ప్రశ్నలు చాలు.

ఒకటి, ఎంత ఇసుక, ఎంత బంక? నూటికి 85 పాళ్లు ఆపైన ఇసుక ఉంటే అది ఇసుక నేల. అంతకు కొంచెం తక్కువైతే గరప ఇసుక. ఇసుక ఎక్కువగానే ఉన్నా బంకమన్ను, ఒండ్రు తగినంత కలిస్తే ఇసుక గరప. మూడూ సమంగా పనిచేస్తే గరప నేల.

రెండు, ఎంత లోతు? 50 సెం.మీ. లోపు లోతు తక్కువ నేల. 75 నుంచి 100 సెం.మీ. ఓ మోస్తరు. 100 నుంచి 150 సెం.మీ. లోతైన నేల. అంతకు మించితే చాలా లోతైనది. గాలి పోసిన దిబ్బ నేలలు తరచుగా లోతైనవే. వేరుకు రాయి అడ్డం రాదు. చల్కా రైతుకు లేని సుఖం ఇది.

మూడు, వయసెంత? పొరలు ఏర్పడని కొత్త ఇసుకను శాస్త్రవేత్తలు ఎంటిసాల్స్ అనే వర్గంలో, అందులోనూ సామెంట్స్ అనే ఇసుక నేలల కింద వేస్తారు. కొంచెం మార్పు మొదలైతే ఇన్సెప్టిసాల్స్. బంకమన్ను కిందికి దిగి చక్కగా పేరుకుంటే, సున్నం, మెగ్నీషియం వంటి పోషకాలు మిగిలి ఉంటే ఆల్ఫిసాల్స్. బంక చారలు పలచగా విడివిడిగా ఉన్నా, అన్నీ కలిపి 15 సెం.మీ. మందం వస్తే వాటిని బంక పొరగా లెక్కిస్తారు. మన ఎర్ర నేలలు చాలావరకు ఆల్ఫిసాల్సే. పేర్లు గుర్తు లేకపోయినా పరవాలేదు. కొత్తదా, నడివయసుదా, పాతదా అన్నది తెలిస్తే చాలు.

మీ చేలోనే పరీక్ష

పిడికిలి పరీక్ష: మన్ను తడిపి గట్టిగా నొక్కండి. ఉండ కట్టకుండా రాలిపోతే ఇసుక నేల. ఉండ కట్టి, ముట్టుకుంటే విరిగితే గరప ఇసుక. ఆ ఉండను బొటనవేలుతో పట్టీలా సాగదీయండి. అంగుళం లోపు సాగి తెగితే, చేతికి గరగర తగిలితే ఇసుక గరప. రెండంగుళాలు దాటి సాగితే అది బంక నేల.

సీసా పరీక్ష: గాజు సీసాలో మూడో వంతు మన్ను, మిగతా నీళ్లు, చిటికెడు బట్టల సోడా వేసి బాగా కుదపండి. నిమిషంలో అడుగున దిగింది ఇసుక. రెండు గంటల్లో దాని మీద దిగింది ఒండ్రు. ఒక రోజుకు, ఇంకా తర్వాత దిగింది బంకమన్ను. మూడు పొరలను స్కేలుతో కొలవండి.

గొయ్యి పరీక్ష: ఇదే అసలుది. పైమన్నుతో పాటు అడుగు అడుగుకూ మన్ను తీసి పై పరీక్షలు చేయండి. బంక చారలు ఎంత లోతులో మొదలయ్యాయో రాసుకోండి. ఒక జాగ్రత్త. ఇసుకలో గొయ్యి గోడలు కూలుతాయి. నడుము లోతు మించి నిలువుగా తవ్వి లోపలికి దిగకండి. అంచులు వాలుగా తీయండి, లేదా మన్ను తీసే ఆగర్ వాడండి. పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

భూసార కార్డు ఉందిగా అనవచ్చు. 2015 ఫిబ్రవరిలో రాజస్థాన్ ఎడారి సీమలోని సూరత్‌గఢ్‌లో మొదలైన ఆ పథకం కింద ఇచ్చే కార్డులో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, ఉప్పు, ఉదజని సూచిక వంటివి తెలుస్తాయి. నేల లోతు, బంక పొర సంగతి అందులో ఉండదు. అది గొయ్యి తవ్వితేనే తెలుస్తుంది.

నీటి లెక్క

మీటరు లోతు ఇసుక నేల పైరుకు అందేలా 25 నుంచి 100 మి.మీ. నీటిని పట్టి ఉంచుతుంది. గరప నేల 100 నుంచి 175 మి.మీ. పట్టి ఉంచుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. పైరు వేరు రెండడుగులు, అంటే 60 సెం.మీ. దిగిందనుకోండి. మీటరుకు 60 మి.మీ. పట్టే ఇసుకలో ఆ వేరుకు దొరికేది 36 మి.మీ. మీటరుకు 140 పట్టే గరపలో 84 మి.మీ. సగం అయిపోగానే తడి పెట్టాలి. పైరు రోజుకు 5 మి.మీ. తాగితే ఇసుకలో మూడు, నాలుగు రోజులకే తడి కావాలి. గరపలో ఎనిమిది రోజులు ఆగవచ్చు.

ఎకరంపై ఒక మి.మీ. నీరు అంటే సుమారు 4,000 లీటర్లు. ఇసుక చేలో ఒకేసారి 50 మి.మీ. పారిస్తే రెండు లక్షల లీటర్లు పోతాయి. ఆ వేళకు నేల పట్టగలిగేది 18 మి.మీ. మాత్రమే. మిగిలిన నీరు, దానితో పాటు యూరియా, పొటాష్ వేరు కిందికి జారిపోతాయి. కాబట్టి ఇసుకలో తక్కువ తడి, త్వరత్వరగా తడి. డ్రిప్పు, స్ప్రింక్లరు ఇక్కడే ఎక్కువ అక్కరకొస్తాయి.

తీరపు ఇసుకలో ఉప్పునీటి మీద తేలే తీపినీటిని రైతులు ‘దొరువు’ తవ్వి వాడుకుంటారు. లోతుగా బోరు వేసి గట్టిగా తోడితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. నీటిని పైపైన మెల్లగా తీసే మెరుగుపరచిన దొరువు పద్ధతికి బాపట్ల పరిశోధనలు దారి చూపాయి.

సేద్యంలో ఏం చేయాలి?

* నత్రజని, పొటాష్ ఎరువులు ఒకే దఫా వేయకండి. మూడు, నాలుగు దఫాలుగా పంచండి. పెద్ద వాన ముందు, పెద్ద తడి ముందు అసలు వేయవద్దు.
* పశువుల ఎరువు ఏటా కొంచెమైనా వేయాలి. వేడికి ఇది త్వరగా కరిగిపోతుంది, ఒకసారి వేసి ఊరుకుంటే చాలదు. జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి కలియదున్నండి.
* కొత్త ఇసుకకు చెరువు మన్ను మంచి మందు. ఎకరంపై ఒక సెం.మీ. మందం పరవాలంటే సుమారు 40 ఘనపు మీటర్లు కావాలి. ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల లెక్కన 13, 14 ట్రాలీలు. తోలే ముందు ఆ మన్నులో ఉప్పు లేదని పరీక్ష చేయించండి.
* వేరుశనగకు ఈ నేల అనువు. ఊడ సులభంగా దిగుతుంది, కాయ తెగకుండా పీకవచ్చు. పూత, ఊడ దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలి. జింకు, బోరాన్ లోపాలు ఇసుకలో ఎక్కువ, ఆకు మీద కన్నేసి ఉంచండి.
* సజ్జ, ఉలవ, అలసంద, కంది, ఆముదం తట్టుకుంటాయి. లోతుగా బంక పొర దొరికిన చేలో మామిడి, జీడిమామిడి, రేగు వేసుకోవచ్చు.

గాలిని ఆపేదెలా?

1930ల్లో అమెరికా మైదానాల్లో గడ్డి నేలలను విచ్చలవిడిగా దున్నారు. కరువు రాగానే మన్ను దుమ్మై లేచింది. లక్షల మంది ఊళ్లు వదిలి పోయారు. 1935లో ఆ దేశం నేల పరిరక్షణకు ప్రత్యేక చట్టమే చేసింది. 1934 నుంచి 1942 దాకా సుమారు 22 కోట్ల చెట్లను గాలికి అడ్డంగా వరసలుగా నాటింది. మన దేశంలో జోధ్‌పూర్‌లోని ఎడారి పరిశోధన సంస్థ 1959 నుంచి దిబ్బలను నిలిపే పని మీదే ఉంది.

చిన్న రైతు తన మేరకు చేయగలిగినవి ఉన్నాయి. ఇసుక జానెడు, జానెడున్నర ఎత్తులోనే పోతుందని పైన చెప్పుకున్నాం. సజ్జ, కంది కోసేటప్పుడు మొదళ్లను ఆ ఎత్తున వదిలితే చాలా ఇసుక అక్కడే ఆగుతుంది. గాలి కాలంలో వట్టి దుక్కి దున్ని వదలకండి. గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా కానుగ, వేప, సరుగుడు వరస నాటండి. చెట్ల వరస తన ఎత్తుకు 10 నుంచి 15 రెట్ల దూరం కాపాడుతుంది. 5 మీటర్ల చెట్లయితే 50 నుంచి 75 మీటర్లన్న మాట. వరస గోడలా పూర్తిగా మూసుకోకూడదు, జల్లెడలా కొంత గాలి పోనివ్వాలి. ఒక్క రైతు నాటితే పక్క చేను ఇసుక తన మీదికి వస్తూనే ఉంటుంది. నలుగురు గట్టు రైతులు కలిసి నాటితే ఫలితం కనిపిస్తుంది. మొదట్లో జిల్లేడు, వెంపలి, గడ్డి దుబ్బులను పీకవద్దు. ఇసుకను ముందుగా పట్టి నిలిపేవి అవే.

చివరిగా ఒక మాట. దిబ్బ గరప నేల కావడానికి వందల, వేల ఏళ్లు పడుతుంది. పచ్చిక పీకేస్తే కొన్ని గాలి కాలాల్లోనే మళ్లీ దిబ్బ అవుతుంది. ఈ వేసవిలో దుక్కికి ముందే చేలో రెండు మూడు చోట్ల మన్ను తీసి చూడండి. పిడికిలిలో ఉండ కట్టిందా, బంక చార ఎన్ని అడుగుల్లో తగిలింది అన్న రెండు సంగతులు కాగితం మీద రాసి, భూసార కార్డుతో పాటు మీ వ్యవసాయాధికారికి గానీ కృషి విజ్ఞాన కేంద్రం వారికి గానీ చూపండి. ఎరువు బస్తా కొనడం ఆ తర్వాత.